క్యారియర్‌కి కట్టిన గుండె పట్టీ

జీవితమంతా సైకిళ్లు బాగుచేసినవాణ్ణి. చక్రంలో వంకరుంటే చూడక్కర్లేదు, విని చెప్తాను. అలాంటి నాకు మా అల్లుడు గుండె కొలిచే పట్టీ, దారి చూపించే డబ్బా తెచ్చాడు.

"మొన్న గుట్ట మీద కళ్లు తిరిగాయిగా మామయ్యా. ఇది ఛాతీకి కట్టుకోండి. మీరెక్కడున్నారో, గుండె ఎలా కొట్టుకుంటోందో మాకు ఫోన్లో తెలుస్తుంది."

"పశువు మెడలో గంటలాగా. అంతేనా అల్లుడుగారూ?"

మా అమ్మాయి అడ్డొచ్చింది. "కట్టుకోకపోతే సైకిల్ అమ్మేస్తా నాన్నా. ఒట్టు."

మొగుడి ముందు నన్ను అంత మాటంది. మర్చిపోను.

తెల్లారుతుండగా బయల్దేరాను. సందు మలుపు తిరగ్గానే ఆ పట్టీని సీటు వెనక క్యారియర్ కడ్డీకి రెండు చుట్లు బిగించి కొక్కెం పెట్టాను. ఇనుముకి గుండె ఉండదు. డబ్బా పనికిరాదని అల్లుడి మొహాన కొట్టొచ్చు.

గుట్ట కింద పొగమంచు. తడి మట్టి వాసన. చైను చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. హ్యాండిల్‌కి బిగించిన డబ్బాలో గుండె అంకె చూశాను. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు వచ్చు నాకు.

అరవై.

దిక్కుమాలిన సరుకు అనుకున్నాను.

ఎత్తు మొదలైంది. తొంభై... నూట పది... సైకిల్ బరువెక్కింది. క్యారియర్ కిర్రుమంది. మనిషి కూర్చుంటే తప్ప అది మూలగదు. దాన్ని బిగించింది నేనే.

వెనక్కి తిరగలేదు. "ఎవడ్రా? దిగు."

చెవి పక్కన చల్లటి ఊపిరి. "నువ్వు దిగు..."

నా సైకిల్ నేను దిగడమా! పళ్లు బిగించి తొక్కాను. నా గుండె దడదడలాడుతోంది... డబ్బాలో గుండె అంతకన్నా వేగంగా కొట్టుకుంటోంది.

గుట్ట దిగి ఇంటి గేటు దగ్గరికొచ్చేసరికి బరువు తగ్గినట్టనిపించింది.

అమ్మాయి ఫోన్ ఊపుతూ ఎదురొచ్చింది. "దారంతా చూస్తూనే ఉన్నా. ఇలా కట్టుకుంటే సైకిల్ ఎందుకు అమ్ముతాను? రోజూ తొక్కు నాన్నా." అని లోపలికెళ్లింది.

చాటుగా విప్పేద్దామని వెనక్కి తిరిగాను.

పట్టీ కడ్డీకి లేదు. కొక్కెం పెట్టే ఉంది. క్యారియర్ మీద, గాల్లో, ఛాతీ చుట్టూ బిగించినట్టు గుండ్రంగా నిలబడి ఉంది.

అమ్మెయ్యమ్మా అనబోయాను. కిటికీలోంచి అల్లుడు నవ్వుతూ చూస్తున్నాడు. నోరు మూసుకున్నాను.

పట్టీ పొంగింది... తగ్గింది... మళ్లీ పొంగింది.