రెండు పిడికిళ్ళ బియ్యం

బుధవారం సాయంత్రం 5.10. ప్రొద్దుటూరు, మిషన్ వీధి.

దీవెనమ్మ వంటింటి గడప దగ్గర వెల్లకిలా పడి ఉంది. అరవై ఎనిమిదేళ్ళు. రిటైరైన టీచరు. ఒంటరి మనిషి. తల వెనక గాయం. గడప రాతి మీద నెత్తురు ఎండి నల్లబడింది.

తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి శవాన్ని మొదట చూసింది కొడుకు ప్రభాకర్. పులివెందులలో బోరు పైపుల అంగడి అతనిది. ఫోనెత్తడం లేదని వచ్చానన్నాడు.

ఎస్సై కీర్తన గది చుట్టూ చూసింది. జాలి కలగలేదు. ఆరేళ్ళ ఉద్యోగంలో మనసు మొద్దుబారింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"జనవరి చలి. తలుపులన్నీ మూసున్నాయి. చచ్చిపోయి ఒక రోజైందో, రెండు రోజులైందో ఖచ్చితంగా చెప్పలేను," అన్నాడు డాక్టరు.

డాక్టరు చెప్పలేనిది ఫోన్ చెప్పింది. ఛార్జింగులో ఉన్న దీవెనమ్మ ఫోన్లో 'సంచి' యాప్ ఉంది. ప్రొద్దుటూరులో సంచి లేని ఫోన్ లేదు. కబురు పంపాలన్నా, పాలవాడికి డబ్బులు కొట్టాలన్నా, బస్సు టికెట్టయినా, వీధి పంచాయితీలైనా అన్నీ అందులోనే.

మంగళవారం ఉదయం 9.00కు కరెంటు బిల్లు కట్టింది. సాయంత్రం 6.30కు కొడుక్కి మెసేజ్: 'పొద్దున వండిన అన్నం, పప్పు ఉంటే తిన్నా నాయనా.' బుధవారం 10.45కు మెకానిక్ జిలానీకి: 'మోటారు ఆగింది. రా అప్పా.' 10.50కు మళ్ళీ కొడుక్కి: 'ఇప్పుడే కొంచెం అన్నం వండుకుని తిని గిన్నె కడిగినా. జిలానీని రమ్మన్నా.'

ఎదురింటి కెమెరాలో జిలానీ 11.20కి గేటు లోపలికి పోయాడు. 11.40కి బయటికి వచ్చాడు. ఆ కెమెరా రికార్డింగు ఒక్కరోజుకు మించి నిలవదు.

"ముంజేతి కంకణానికి అద్దమెందుకమ్మా? వాణ్ణి తీసుకురాపో," అన్నాడు సీఐ.

జిలానీని తెచ్చారు.

"ఇరవై నిమిషాలు ఏం చేసినావు?"

"తలుపు కొట్టినా మేడం. పలకలేదు. ఫోన్ చేసినా, ఎత్తలేదు. నిద్రపోయిందేమోనని గేటు లోపల చెట్టు కింద కూచున్నా."

"లోపలికి పోలేదా?"

"తలుపు ఏసుంది. నేనెట్ల పోదును? అల్లా మీద ఒట్టు."

పొద్దుగూకేలోపు అతని ఫోటో వీధి గ్రూపులో తిరిగింది. ఎద్దు పుండు కాకికి నొప్పా? తలా ఒక మాట పొడిచారు. రాత్రి ఎనిమిదికి అతన్ని గ్రూపులోంచి తీసేశారు. అతని భార్య స్టేషన్ మెట్ల మీద కూర్చుని, రేపు జైలుకు పంపుతారా అని వచ్చిన ప్రతి కానిస్టేబుల్‌నూ అడిగింది.

గురువారం ఉదయం 8.15కు కీర్తన మళ్ళీ ఆ వంటింట్లోకి పోయింది. పొయ్యి పక్కన మూతలేని చిన్న రేకు డబ్బా. అడుగున కాసిని బియ్యం.

"చీమలకేసే బియ్యం మేడం, నిన్ననే చూసినాం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ రహమతుల్లా.

కీర్తన పిడికిలి పెట్టి తీసింది. ఒకటి. రెండు. అడుగు రేకు కనబడింది.

తర్వాత చర్చికి ఫోన్ చేసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

10.00. స్టేషన్. సీఐ, ప్రభాకర్, జిలానీ, రహమతుల్లా.

"ప్రభాకర్ గారూ, మీ అమ్మ రోజుకు ఎన్నిసార్లు వండుతుంది?"

"ఒకసారే. పొద్దున."

"వండే ముందు ఏం చేస్తుంది?"

కీర్తన రేకు డబ్బాను బల్ల మీద పెట్టింది.

"మా నాయన వాళ్ళమ్మ, మా జేజి, కూడా చేసేది. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తారు. ఆదివారం చర్చిలో ఇస్తారు. మొన్న ఆదివారం మీ అమ్మ డబ్బా ఖాళీ చేసి తీసుకుపోయిందని పాస్టరమ్మ చెప్పింది. చర్చి నుంచి వచ్చి వండింది, ఒక పిడికెడు. సోమవారం ఒకటి. మంగళవారం, బుధవారం కూడా వండినట్టు ఫోన్ చెప్తాంది. నాలుగుండాల. డబ్బాలో రెండే ఉన్నాయి."

"మర్చిపోయిందేమో మేడం," అన్నాడు ప్రభాకర్.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా మర్చిపోయిందా?"

డబ్బా పక్కన దీవెనమ్మ ఫోన్ పెట్టింది కీర్తన.

"మంగళవారం పొద్దునకే మీ అమ్మ బతికి లేదు. సంచిలో మెసేజ్ ముందే రాసి పెట్టొచ్చు, బిల్లు ముందే టైం పెట్టి కట్టొచ్చు. చెప్పిన గంటకు అదే పోతుంది. ఆ యాప్ ఆమెకు వేసిచ్చింది ఎవరు? పిన్ ఎవరికి తెలుసు? సోమవారం మీరు యాడున్నారు?"

ప్రభాకర్ ఏడవలేదు. బల్లనే చూస్తూ, సరుకుల పట్టీ చదివినట్టు చెప్పుకుపోయాడు.

"సోమవారం నాలుగింటికి వచ్చినా. ఎవడో ఫోన్ చేసి బెదిరిస్తే అమ్మ పద్దెనిమిది వేలు పంపించింది. ఫోన్ ఇయ్యమన్నా. నా ఫోను నాదంది. లాక్కునేటప్పుడు తోసినా. గడప రాయి తగిలింది. మళ్ళ లేయలేదు."

"జిలానీని ఎందుకు పిలిపించినావు?"

"ఎవరో ఒకరు వచ్చి శవాన్ని చూడాల గదా మేడం. తలుపు మూస్తే దానికదే తాళం పడిపోతుందని అప్పుడు నాకు తోచలేదు."

జిలానీ అతని వైపు చూశాడు.

11.30కి జిలానీని వదిలేశారు. ఫోన్ చేతికిస్తే తెరిచి చూసుకున్నాడు. వీధి గ్రూపు కనబడలేదు. ఆ వీధిలో పద్నాలుగేళ్ళుగా మోటార్లు బాగుచేసిన మనిషి.

"మేడం, స్టేషన్ నంబరు మా గ్రూపులో ఉంది గదా. నేను కాదని ఒక్క మాట పెట్టండి. శానా మేలవుతుంది నాకు."

కీర్తన టైపు చేసింది. 'దీవెనమ్మ గారి కేసుతో జిలానీకి ఏ సంబంధమూ లేదు. అసలు ముద్దాయి దొరికాడు. ఎస్సై.' టైము 11.42.

చూసినవారు ముప్పై. డెబ్బై. నూట పద్నాలుగు. ఎవరూ ఏమీ రాయలేదు.

జిలానీ మెట్ల మీద భార్య పక్కన నిలబడి ఎదురుచూస్తున్నాడు.

11.51కి దాని కిందే ఒక మెసేజ్ వచ్చింది. 'మా మోటారు ఆగిపోయింది. ఎవరిదైనా మంచి మెకానిక్ నంబరు ఉంటే పెట్టండి.'

"ఏమన్నా రాసినారా మేడం?" అన్నాడు జిలానీ.

కీర్తన ఫోన్ జేబులో పెట్టుకుంది.

"ఎవరూ ఇంకా చూడలేదప్పా," అంది.