చక్కెర చీరకు చాక్లెట్ అంచు

"నీళ్ళు ఎక్కువైతున్నయి! జర మెల్లగ రాయుండ్రి!" సమీనా అరిచింది.

ఆరో తరగతి గదిలో నాలుగు బల్లలు కలిపి వేసి, వాటి మీద పెద్ద చెక్క పలక పెట్టారు. పలక మీద ఒక చీర తయారవుతోంది. నూలుతో కాదు, చక్కెరతో!

చక్కెర పొడిలో గ్లూకోజు పాకం, తినే జిగురు కలిపి పిల్లలు ముద్దలా పిసికారు. దాన్ని చపాతీ కర్రతో పల్చగా ఒత్తారు. అది చీర నడిమి భాగం. కరిగించిన చాక్లెట్‌తో ఇంకో ముద్ద చేసి, పొడవాటి అంచులు కోశారు. అంచు నిండా పసుపు రంగు చక్కెరతో గోపురాల్లాంటి కోటకొమ్మల డిజైను పెట్టారు. దూరం నుంచి చూస్తే అచ్చం గద్వాల చీరే.

ఇదంతా జోగులమ్మ కోసం. జోగులమ్మ ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. దీపావళి నాడు ఎక్కడి నుంచో రాకెట్ వచ్చి పడి ఆమె గుడిసె పైకప్పంతా కాలిపోయింది. ఆమె ఇప్పుడు చెల్లెలి ఇంటి అరుగు మీద పడుకుంటోంది. అయినా ఒక్క రోజు కూడా వంట మానలేదు.

"బాలల దినోత్సవం నాడు బడిలో మేళా పెడదాం. వచ్చిన పైసలతో జోగులమ్మ ఇంటికి రేకులు కొందాం. ఏం చేద్దామో మీరే చెప్పుండ్రి" అన్నారు స్టీఫెన్ సార్.

"తినే చీర చేద్దాం సార్! చూసినోళ్ళందరికీ ముక్కలు కోసి పెడదాం. తిన్నోళ్ళు తోచినంత డబ్బాల వేస్తరు" అంది సమీనా.

సమీనా వాళ్ళ నాన్న గౌస్‌కు బస్టాండు దగ్గర బేకరీ ఉంది. కేకు మీద పూలు పెట్టడం సమీనాకు బాగా వచ్చు. అందుకే క్లాసంతా ఆమెను లీడర్ చేసింది.

ఆమె బ్రష్‌ను నీళ్ళలో ముంచి చక్కెర ఒడ్డు తడిపింది. దాని మీద చాక్లెట్ అంచు పెట్టి వేళ్ళతో నొక్కింది.

పక్కనే నిలబడ్డ రేణుక మెల్లగా అంది. "సమీనా, గట్ల ఉత్తగ అంటిస్తే నిలుస్తదా? మా తాత మగ్గం మీద..."

"ఇది మగ్గం పని కాదు, బేకరీ పని. నీకు తెల్వదు" అంది సమీనా తల ఎత్తకుండానే.

రేణుక పక్కకు జరిగింది.

సాయంత్రానికి అంచులు ఆరాయి. మేళాలో అందరికీ కనిపించాలంటే పలకను గోడకు ఏటవాలుగా నిలబెట్టాలి. ఒకసారి ఎత్తి చూద్దామన్నారు సార్. పై వైపు సమీనా పట్టుకుంది. కింది వైపు రేణుక పట్టుకుంది.

పలక సగం లేచింది. అంతే! కింది అంచు మొత్తం జారి, నేల మీద పడి ముక్కలైంది.

అందరూ సమీనా వైపే చూశారు. ఆమెకు చెవులు వేడెక్కాయి.

"రేణుకనే సార్! పలకను గట్టిగ గుంజింది" అంది.

రేణుక తన చేతుల వైపు చూసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నిమ్మలంగ పట్టుకోవద్దా రేణుకా? సరే, రేపు నువ్వు రంగు కాగితాలు కత్తిరించు. చీర పని వాళ్ళు చూసుకుంటరు" అన్నారు సార్.

రేణుక బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

సమీనా విరిగిన అంచు ముక్కను బేకరీకి తీసుకెళ్ళింది. గౌస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీళ్ళతోని అంటించినవా బేటీ?"

"అవును అబ్బాజాన్. రేణుక గుంజింది, ఊడిపోయింది."

"గుంజితే చిరుగుతది. ఈ ఒడ్డు చూడు, యాడన్న చిరిగిందా? కత్తితో కోసినట్టే ఉంది. ఇది గుంజుడుకు పోలేదు. బరువుకు ఊడింది. ఎవరు పట్టుకున్నా ఊడుతుండె."

సమీనా ఆ ముక్కను చూస్తూ నిలబడింది. నిజానికి రేణుక పలకను గుంజడం ఆమె చూడనే లేదు. ఏదో ఒకటి చెప్పాలని చెప్పేసింది. రేణుక కళ్ళు గుర్తొచ్చాయి.

"అబ్బాజాన్, నేను అందరి ముందర రేణుక పేరు చెప్పిన. సార్ ఆమెను పనిలకెల్లి తీసేసిండు."

గౌస్ కోప్పడలేదు. చేతులు తుడుచుకుని షాపును పనివాడికి అప్పగించాడు.

"వాళ్ళ ఇల్లు ఎరుకేనా?"

"ఎరుకే."

"నడువు మరి."

రేణుక వాళ్ళ ఇంట్లో మగ్గం టకటకమంటోంది. తాత అనంతయ్య నేస్తున్నాడు. రేణుక గడప దగ్గర కూర్చుని దారం చుడుతోంది. సమీనాను చూసి తల దించుకుంది.

"రేణుకా" అంది సమీనా. వెళ్ళి ఆమె పక్కనే కూర్చుంది. "నువ్వు గుంజలేదు. నేను చేసిన పనే సక్కగ లేదు. నేను అబద్ధం చెప్పిన."

"నాకెరుకే" అంది రేణుక. తల ఎత్తి అడిగింది. "సార్‌కు చెప్తవా?"

"రేపు పొద్దున్నే చెప్త. అందరి ముందరనే చెప్త."

రేణుక దారం పక్కన పెట్టింది.

"పగటిపూట నువ్వు ఏందో చెప్పబోయినవు. నేను విననే లేదు. ఇప్పుడు చెప్పవా?" అడిగింది సమీనా.

రేణుక ఆమె చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకెళ్ళింది. అనంతయ్య నేత ఆపి, నడిమి బట్ట, అంచు కలిసే చోటు చూపించాడు.

"చూడు బిడ్డా. నడిమిది నూలు, అంచుది పట్టు. రెండూ వేరు వేరు. మేం వీటిని అంటించం. ఈ పోగు పోయి ఆ పోగును పట్టుకుంటది, ఆ పోగు వచ్చి ఈ పోగును పట్టుకుంటది. చీర చిరగాలె గని, అంచు ఊడదు."

రేణుక తన వేళ్ళను సమీనా వేళ్ళ మధ్యకు దూర్చి బిగించింది. "గిట్ల. ఇప్పుడు గుంజు!"

సమీనా గుంజింది. చేతులు ఊడలేదు. ఇంకా గట్టిగా గుంజింది. ఇద్దరూ కలిసి పక్కకు తూలారు. అప్పటికి రేణుక నవ్వింది.

"చక్కెరకు పండ్లు కోద్దాం! దువ్వెన పండ్ల లెక్క. చాక్లెట్‌కు గూడ కోసి, ఒకదాంట్ల ఒకటి దూరుద్దాం!" అంది సమీనా.

మర్నాడు ప్రార్థన కాగానే సమీనా అందరి ముందుకు వచ్చి నిలబడింది. ఒక్క మాట దాచకుండా చెప్పింది. సార్ రేణుక దగ్గరికి వెళ్ళి, "నేను గూడ నిన్ను అడగకుండనే అన్న. తప్పు నాది గూడ ఉంది బిడ్డా" అన్నారు.

ఇక అందరూ పనిలో పడి, చక్కెర, చాక్లెట్ ముద్దలు మళ్ళీ కొత్తగా చేసి ఒత్తారు. సమీనా స్కేలు, కత్తి రేణుక చేతికిచ్చింది. రేణుక కొలిచి పండ్లు కోసింది. సమీనా చాక్లెట్ అంచును వాటి మధ్యకు దూర్చి, సందుల్లో కరిగిన చాక్లెట్ పోసింది. సాయంత్రం పలక ఎత్తుతుంటే అందరూ ఊపిరి బిగబట్టారు.

పలక నిలబడింది. అంచు కదల్లేదు. పిల్లల అరుపులకు పక్క క్లాసు వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు!

మేళా రోజు బడి నిండిపోయింది. నేత పనివాళ్ళు కూడా వచ్చారు. ఒక పెద్దాయన అంచు దగ్గరికి వంగి చూసి, "ఇదేంది, మా పని లెక్కనే ఉంది! చక్కెరల ఎట్ల కలిపిన్రు?" అని అడిగాడు.

సార్ మైకు సమీనాకు ఇచ్చారు. సమీనా దాన్ని రేణుక చేతిలో పెట్టింది. "నువ్వు చెప్పు. ఇది నీతోనే తెలిసింది."

రేణుక మొదట చాలా చిన్నగా మాట్లాడింది. తర్వాత గొంతు పెరిగింది. వేళ్ళు కలిపి చూపిస్తూ చెప్పింది. అనంతయ్య వెనక నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది సమీనానే.

మొదటి ముక్క జోగులమ్మకు ఇచ్చారు.

"నా పెండ్లి చీర గూడ ఇంత సక్కగ లేకుండె! దీన్ని ఎట్ల తినాలె?" అందామె.

"నోటితోని తినాలె!" అని పిల్లలంతా ఒక్కసారే అరిచారు. జోగులమ్మ కొంగు ముక్క కొరికి, పడీ పడీ నవ్వింది.

చీర మొత్తం గంటలో అయిపోయింది. డబ్బా నిండి, సార్ టోపీ కూడా నిండింది. తర్వాతి ఆదివారమే జోగులమ్మ ఇంటి మీద కొత్త రేకులు ఎక్కాయి.

సోమవారం స్టీఫెన్ సార్ క్లాసులోకి నవ్వుతూ వచ్చారు. "వనపర్తి బడోళ్ళు ఫోన్ చేసిన్రు. అక్కడి పిల్లలు గూడ ఒక మంచి పని కోసం గిసోంటిదే చేస్తరట. వచ్చి నేర్పుమంటున్నరు. ఏమంటవు సమీనా?"

సమీనా గబుక్కున లేచింది. "వస్త" అనబోయి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

"రేణుకా, ఏ రోజు పోదాం?"