మీటింగ్‌లో ఖాళీ కుర్చీ

"మీటింగ్ మధ్యలో మూడుసార్లు మాయమయ్యారు. కెమెరాలో ఖాళీ కుర్చీ! ఏం చేస్తున్నారసలు?"

కొత్త టీమ్ లీడ్ ఫోన్ చేసి అలా అడిగేసరికి డిజైనర్ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

నాలుగేళ్ళుగా ఆమెకు పెద్దపేగు వాపు. కడుపులో మెలిపెడితే పరుగెత్తాల్సిందే, ఒక్కోరోజు పదిసార్లు. వాడే మందులేమో రోగనిరోధక శక్తిని తగ్గించేస్తాయి. అందుకే కరోనా మొదలయ్యాక ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. భయపడితే కడుపులో తిప్పేది. కడుపులో తిప్పితే భయం పెరిగేది.

ఫోన్లో మాట్లాడే కౌన్సెలర్ ప్రతివారం ఒకటే చెప్పేది: "ఒక్కరికైనా దాచకుండా చెప్పమ్మా. సగం బరువు ఆ దాచడమే."

ఇప్పుడు కోపంలో అంతా బయటపడిపోయింది.

"బాత్రూమ్‌లో ఉన్నానండీ! నాకు పేగు జబ్బు. పూర్తిగా తగ్గేది కాదు. నెట్‌వర్క్ పోయిందని అబద్ధాలు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అదే గుండె జబ్బయితే అయ్యో అంటారు, ఇదైతే ముక్కు మూసుకుంటారు. మెయిల్ పెట్టి అందరికీ చెప్పుకోండి!"

టీమ్ లీడ్ గొంతు తగ్గించాడు.

"తప్పు నాదేనండీ. అలా అడగకూడదు."

"జాలిపడకండి!"

"జాలి కాదు. నామీద నాకే సిగ్గుగా ఉంది."

ఫోన్ పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడ్చాక చూసుకుంటే, ఎన్నాళ్ళకో మనసు తేలికపడింది.

మర్నాడు టీమ్‌కి మెయిల్ వచ్చింది. కెమెరా ఎవరిష్టం వాళ్ళదట, మధ్యలో లేచినవాళ్ళని ఎవరూ కారణం అడగకూడదట. ఆమె పేరు ఎక్కడా లేదు.

తర్వాత అతను పనిమీద చేసే ఫోన్లు పని అయిపోయాక కూడా సాగడం మొదలెట్టాయి.

"ఇవాళ కడుపెలా ఉంది?" వాన పడుతోందా అన్నంత మామూలుగా అడిగేవాడు.

"రాజకీయ నాయకుడిలా ఉంది. ఎప్పుడు మాట తప్పుతుందో తెలీదు."

టీకాలయ్యాక, వాన వెలిసిన ఒక ఉదయం అతను ఫోన్ చేసి కలుద్దామన్నాడు. ఆమె భగ్గుమంది.

"ఎక్కడ కలిసేది? కరోనా అని ఊళ్ళో టాయ్‌లెట్లన్నిటికీ తాళాలు వేశారు. మాలాంటివాళ్ళు ఏమైపోవాలి?"

"పార్కు పక్క కాఫీ షాపు ఓనర్‌తో ఇప్పుడే గొడవపడ్డాను. తాళం తీయించాను."

"నాకోసమా?"

"గొడవపడటం మీ దగ్గరే నేర్చుకున్నా. ఇంకోమాట. పోయినవారమే వేరే టీమ్‌కి మారిపోయాను, కాబట్టి లీడ్‌గా చెప్పట్లేదు. మీరంటే నాకిష్టం. త్వరగా రండి, బాత్రూమ్ ఎదురుగా కూర్చున్నానని అందరూ నన్నే వింతగా చూస్తున్నారు."

"చూస్తే చూడనివ్వండి. ఎవరేమంటారో నేనొచ్చి తేలుస్తా!"

మాస్కు తగిలించుకుని విసవిసా వీధిలోకి నడిచింది. తనకూ ఇష్టమేనని చెప్పలేదన్న సంగతి మలుపు తిరిగాక గుర్తొచ్చి, నడుస్తూనే మళ్ళీ ఫోన్ చేసింది.