తొంభై మీటర్ల పెసరలంక

మా పెసరలంక సముద్రమట్టానికి పది కిలోమీటర్ల లోతున ఉందని 2061 జులైలో నదీ కేంద్రం యంత్రం తేల్చింది. ఆ సమయానికి మా వాళ్లు అరుగుల మీద టీ తాగుతున్నారు. ఎవరి గ్లాసులోకీ సముద్రం రాలేదు.

గోదావరి గేట్లన్నీ ఆ యంత్రమే తీస్తుంది, మూస్తుంది. వరదొస్తే మ్యాప్‌లో పల్లమెక్కడో చూసి నీళ్లు అటు తోలుతుంది. ఆ మ్యాప్‌కి మూలం ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. నేలను గళ్లుగా కోసి, గడికో ఎత్తు చొప్పున వరసగా అంకెలు రాస్తారు. కొలత దొరకని గడిలో మైనస్ 9999 వేస్తారు. ‘తెలియదు’ అని దాని అర్థం. ఫైలును మ్యాప్‌లోకి ఎక్కించినవారు ఆ ముక్క యంత్రానికి చెప్పడం మరిచారు. అది లోతనుకుంది.

కొలత ఎందుకు దొరకలేదంటే, మే నెలలో సర్వే డ్రోన్ వచ్చినప్పుడు పేరంటాలమ్మ డాబా మీద వడియాలు ఆరబెట్టింది. డ్రోన్ గాలికి వాటిమీద దుమ్ము పడింది. ఆవిడ దోటీతో ఒక్కటిచ్చింది. సర్వే అక్కడితో ముగిసింది.

వరదకు రెండు రోజుల ముందు నదీ కేంద్రం ఇంజనీరు శశికిరణ్ ల్యాప్‌టాప్‌తో పడవలో వచ్చాడు.

“యంత్రం నీళ్లన్నీ ఇటే వదులుతుంది మామ్మగారూ. లంక ఖాళీ చెయ్యాలి.”

“అంకె తప్పయితే అంకెను ఖాళీ చేయించు బాబూ. నేనెందుకు కదులుతాను?”

“మళ్లీ కొలవాలంటే నెల పడుతుందండీ.”

“అంకెలు చేత్తో కొట్టు. అందాకా నువ్వూ ఇక్కడే.” పడవ తాళం అప్పటికే ఆవిడ కొంగున ముడిలో ఉంది.

గోడ మీది పాత వరద గీతలు చూసి శశికిరణ్ లెక్క కట్టాడు. “మీ ఇల్లు ఏడు మీటర్లు.”

పక్కింటి గవర్రాజు ముందుకొచ్చాడు. ఆరడుగుల మనిషి, పిట్టగోడ ఎక్కితే కళ్లు తిరుగుతాయి. “మేం అత్త కన్నా పల్లంలో ఉన్నామాండీ? ఎనిమిది వెయ్యండి.”

“వాడింట్లో కప్పలు కాపురం చేస్తాయి. నాది పది,” అంది పేరంటాలమ్మ.

ఊరంతా వరసలో నిలబడింది. పెళ్లిచూపుల్లో చెప్పే జీతాల్లా అంకెలు పెరిగాయి. పొద్దు గుంకేలోపు పెసరలంక తొంభై మీటర్ల కొండయింది.

“ఇది అబద్ధం మామ్మగారూ.”

“పది కిలోమీటర్ల గొయ్యి నిజమా బాబూ?”

శశికిరణ్ ఫైలు ఎక్కించాడు. తాళం చేతికొచ్చింది.

వరద వచ్చింది. యంత్రం కొండను వదిలేసి, ఆ తర్వాతి పల్లానికి నీళ్లు తోలింది. అది ఇంజనీర్ల క్వార్టర్స్. మునిగినవాళ్లను జిల్లాలోకెల్లా ఎత్తయిన చోటికి చేర్చమని పడవలకు ఆదేశం కూడా అదే ఇచ్చింది.

మొదటి పడవలో భార్యతో, ఫ్రిజ్‌తో శశికిరణ్ దిగాడు. వెనక మరో నలభై పడవలు.

“యంత్రం ఇక్కడికే పంపింది మామ్మగారూ.”

“నువ్వు కట్టిన కొండే కదా. చెప్పులు విప్పి ఎక్కు.”

ఆ పూట విస్తట్లో శశికిరణ్‌కు పడినవి డ్రోన్ దుమ్ము వడియాలే. ఒక్కటీ వదలకుండా తిన్నాడు.