ఆదివారం కట్టిన ప్యాకేజీ

ముందే ఒకటి ఒప్పుకుంటాను. ఈ కథలో ద్రోహం చేసిన మనిషి మీద నాకు కోపం రాలేదు. గూఢచారి కథ చెప్పేవాళ్ళకి అది పెద్ద లోపమే. ఇంకో లోపం కూడా ఉంది. ఇందులో పిస్తోలు ఉంది కానీ పేలదు. ఏజెంట్ అర్ఫా హ్యాండ్‌బ్యాగ్‌లో, అరటిపండు కింద, చివరిదాకా అలాగే పడుంటుంది.

వాడరేవు బీచ్‌లో, అర్ఫా ఇంజనీరింగ్ స్నేహితుడు బెన్నీ చెప్పులు దొరికి ఆ సోమవారానికి ముప్ఫై తొమ్మిది రోజులు. మనిషి దొరకలేదు. ఇసుకలో చెప్పులు మాత్రం జతగా, బుద్ధిగా పెట్టి ఉన్నాయి. అల లాక్కుపోయిందని పోలీసులు రాసుకున్నారు. అర్ఫా నమ్మలేదు. బెన్నీ జన్మలో చెప్పులు జతగా విడిచినవాడు కాదు. ఒకటి గుమ్మం దగ్గరుంటే రెండోది మంచం కింద ఉండేది. ఆ చెప్పులు అక్కడ పెట్టింది వేరే చేతులు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఎంసెట్ కోచింగ్ సెంటర్ కింద జిరాక్స్ షాపు ఉంది. ఉదయం ఎనిమిదింపావుకి అర్ఫా సగం దించిన షట్టర్ ముందు నిలబడింది.

"తేజ మిర్చి రేటెంత పలికింది?" లోపలి నుంచి గొంతు.

"కాయలో ఎండు చాలదు. ఎవరూ చెయ్యి పెట్టట్లేదు."

కోడ్ సరిపోయింది. షట్టర్ లేచింది.

ఊరందరికీ అర్ఫా కోల్డ్ స్టోరేజీల్లో కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి. అసలు ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మ సఫూరాకి కూడా తెలియదు. తెలిసిన ఒకే మనిషి ఈ షాపు నడిపే మాలిక్. ఆమె పై అధికారి.

"బెన్నీ బతికే ఉన్నాడు," అన్నాడు మాలిక్, ఆమె కూర్చోకముందే.

అర్ఫా కుర్చీ పట్టుకుని ఆగిపోయింది.

"నిన్న వాడి పేరుతో కొత్త ప్యాకేజీ వచ్చింది. వాడి డిజిటల్ సంతకంతో. ఎలీసా, నాలుగు పాయింట్ రెండు. తాలు గ్యాంగ్‌లో చేరిపోయాడని ఢిల్లీ అంటోంది."

మిర్చి యార్డులో రంగు పోయిన పనికిరాని కాయని తాలు అంటారు. మంచి కాయల మధ్యే కలిసిపోయి ఉంటుంది. ఏడాదిగా ఇక్కడి కంప్యూటర్లలో దూరుతున్న విదేశీ ముఠాకి మాలిక్ అందుకే ఆ పేరు పెట్టాడు.

ఎలీసా అంటే బెన్నీ రాసిన సాఫ్ట్‌వేర్. దాని ప్రతి కొత్త వెర్షన్‌నీ మూటకట్టి, సంతకం పెట్టి పంపితే అదే ప్యాకేజీ. వాళ్ళమ్మ ఎలీసమ్మ కోల్డ్ స్టోరేజీలో పనికెళ్ళి, అమ్మోనియా లీకై పోయింది. ఆ రోజు సైరన్ మోగలేదు. తర్వాత బెన్నీ మూడేళ్ళు కూర్చుని, గ్యాస్ వాసన తగిలితే చాలు సైరన్ మోగించే ప్రోగ్రామ్ రాశాడు. దానికి అమ్మ పేరు పెట్టాడు. ఇప్పుడు గుంటూరు నుంచి అద్దంకి దాకా నూటపది కోల్డ్ స్టోరేజీల్లో అదే నడుస్తోంది, బస్తాల లెక్క కూడా అదే చూస్తోంది.

"బతికుంటే సంతోషమే కదా సార్," అంది అర్ఫా.

"బతికుంటే అరెస్ట్ చెయ్యాలి. చూసి చెప్పు. ఇదుగో, ఈ పిన్ను చున్నీకి పెట్టుకో. మైకుంది."

"పోయినసారి ఇచ్చిన పిన్నులో ఎఫ్ఎం రేడియో వచ్చింది సార్."

"ఈసారి రాదు."

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. నల్ల స్క్రీన్. రెపోక్వెరీ అని టైప్ చేసింది. ప్యాకేజీలన్నీ దాచే చోటు రిపాజిటరీ. గోడౌన్ అనుకోండి. రెపోక్వెరీతో అందులో దేన్నయినా మన మిషన్‌లోకి దింపకుండానే ప్రశ్నలడగొచ్చు. సంచి కుట్టు విప్పకుండా పక్కనుంచి నాలుగు కాయలు లాగి చూసినట్టు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఆమెకి ఇది నేర్పింది బెన్నీయే. "మనిషి అబద్ధం చెప్తాడే అర్ఫా, చేంజ్‌లాగ్ చెప్పదు," అనేవాడు.

ముందు ఆ చేంజ్‌లాగ్‌నే, అంటే మార్పుల చిట్టానే, ఏం మార్చావు? అని అడిగింది. ఒక లైన్ వచ్చింది: టిక్కీ లెక్క సరిచేశాం.

"సార్, ఇది పరాయి దేశం వాడు రాసింది కాదు. వాళ్ళు బ్యాగ్ అంటారు. మిర్చి బస్తాని టిక్కీ అనేది మనమే."

"అందుకేగా బెన్నీ అంటున్నా."

ఎప్పుడు కట్టారు? అని అడిగింది. ఆదివారం, ఉదయం పది నలభై.

అర్ఫా ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. ఆదివారం పదిన్నరకి బెన్నీ చర్చిలో ఉంటాడు. సెమిస్టర్ పరీక్షల ముందు రోజు కూడా అంతే. ఆదివారం కంప్యూటర్ మూత తెరిస్తే అమ్మ ఊరుకోదనేవాడు. అమ్మ పోయాక కూడా తెరవలేదు.

ఆమె ఫోన్ తీసి బెన్నీ నాన్నకి కలిపింది. జోసఫ్ అద్దంకి దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో హమాలీల మేస్త్రి.

"బాబాయ్, నిన్న చర్చికి వెళ్ళారా?"

"గుడికి పోకుండా ఎట్టా తల్లీ. నేనొక్కణ్ణే పోయా. రెబ్కా రావట్లేదు, నెలైంది. దేవుడి మీద అలిగిందంట." వెనకాల ట్రాలీ చప్పుడు. "పాస్టరుగారు వాడి జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెడదామన్నారు. నేనొద్దన్నా. మనిషి దొరక్కుండా కూడికేందమ్మా? సరే, ఛాంబర్‌లోకి పోతన్నా. లోపల సిగ్నల్ ఉండదు."

ఫోన్ ఆగింది.

రెబ్కా. బెన్నీ చెల్లెలు. సంతకం పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. పనిచెయ్యడానికి నీకు ఏమేం కావాలి? పాత ఎలీసాని అడిగితే సైరన్ పేరు చెప్పింది. కొత్త ఎలీసాని అడిగింది. జాబితాలో సైరన్ లేదు. దాని చోట వాల్వ్ కంట్రోల్ ఉంది, ఒక టైమర్ ఉంది. లోపలి ఫైలు తీసి చూసింది. సోమవారం, పది గంటలు.

"సార్, పదింటికి అమ్మోనియా వాల్వులు తెరుచుకుంటాయి. సైరన్లు మోగవు."

మాలిక్ వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ పది.

"సర్వర్ ఆపేస్తే?"

"ఇప్పటికే అన్నిచోట్లా కాపీ అయిపోయింది. ఇంతకన్నా పెద్ద నంబరుతో, అదే సంతకంతో ఇంకోటి పంపాలి. అదొక్కటే దారి."

మాలిక్ మనుషులు నూటపది నంబర్లకీ ఫోన్లు మొదలుపెట్టారు. మిర్చి సీజన్. ఎత్తినవాళ్ళు సగం మంది. అద్దంకి దగ్గర ఎవరూ ఎత్తలేదు.

గూఢచారి కథలో అందమైన డబుల్ ఏజెంట్ ఉండాలంటారు. ఉంది. రెండు వీధుల అవతల రెబెకా బ్యూటీ పార్లర్. గుంటూరులో సగం మంది పెళ్ళికూతుళ్ళు ఆ కుర్చీలో కూర్చుని లేచినవాళ్ళే. ఆ కుర్చీలో పెద్దవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు మాట్లాడే మాటలు నాలుగేళ్ళుగా మాలిక్‌కి అందుతున్నాయి. నెలగా తాలు వాళ్ళకి కూడా అందుతున్నాయని ఆ ఉదయం దాకా ఎవరికీ తెలియదు.

రెబ్కా దారం పళ్ళ మధ్య పెట్టుకుని ఒకావిడకి కనుబొమ్మలు చేస్తోంది.

"రా అక్కా. ఫేషియలా?"

"ప్యాకేజీ గురించి వచ్చా."

"బ్రైడలా?"

"నిన్న పది నలభైకి కట్టింది."

దారం తెగింది.

"అమ్మాయ్, రెండోది మిగిలిపోయింది," అంది కుర్చీలో ఆవిడ.

"ఒక్క నిమిషం ఆంటీ," అని రెబ్కా వెనక గదిలోకి నడిచింది. అర్ఫా తలుపు వేసింది. ఫేస్‌ప్యాక్ డబ్బాల మధ్య బెన్నీ పాత ల్యాప్‌టాప్ ఉంది. తొమ్మిదీ ముప్ఫై ఎనిమిది.

"అన్న బతికున్నాడక్కా," అంది రెబ్కా, ఏమీ అడక్కముందే. "వాళ్ళ దగ్గరున్నాడు. వాయిస్ మెసేజ్ పంపారు. వాళ్ళిచ్చిన కోడ్ కలిపి సంతకం చేసి పంపితే వదిలేస్తామన్నారు. ఏదో లెక్క చూసుకునే కోడంట. అంతే."

"చదివావా దాన్ని?"

"చదవలేదు. చదివితే చెయ్యలేనేమోనని."

అర్ఫా ఆ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన పిల్ల. వివరించే పని పడలేదు. సైరన్ ఉండాల్సిన చోట ఆమె వేలు ఆగింది.

"ఇది అమ్మ పేరక్కా," అంది మెల్లగా.

"నాన్న ఛాంబర్‌లో ఉన్నాడు. ఫోన్ కలవట్లేదు. దీనికన్నా పెద్ద నంబరుతో కొత్తది పంపాలి. పాస్‌వర్డ్ నీకే తెలుసు."

"పంపితే అన్నని చంపేస్తారు."

అర్ఫా దగ్గర పిస్తోలు ఉంది. దానికన్నా బరువైన మాట ఒకటి ఉంది. షాపు మెట్లు దిగినప్పటి నుంచీ మోస్తూనే ఉంది. అనకుండా సరిపోతే బాగుండనుకుంది.

"రెబ్కా. అన్న వాళ్ళ దగ్గరే ఉంటే, సంతకం నీ చేత ఎందుకు పెట్టించుకున్నారు?"

రెబ్కా ముఖంలో ఏమీ మారలేదు. చేతులు మాత్రం ఒళ్ళోకి జారిపోయాయి.

"మెసేజ్‌లో గొంతు అన్నదేనక్కా, కానీ నన్ను రెబెకా అని పిలిచాడు. నోరు తిరగని వయసు నుంచీ రెబ్కానే. పరాయిచోట ఉన్నాడు కదా, మర్యాదగా పిలుస్తున్నాడేమో అనుకున్నా." కళ్ళు తుడుచుకోలేదు. "అనుకోవాలని అనుకున్నా."

టేబుల్ మీద ఆమె ఫోన్ మోగింది. తాలు నంబరు.

"ఎత్తు. కరెంటు పోయింది, అన్నిచోట్లా ఎక్కిందో లేదో చూస్తున్నానని చెప్పు. ఎంతసేపైతే అంతసేపు."

రెబ్కా మాట్లాడింది. గొంతు వణకలేదు, ఆ మాత్రం నటన ఆమెకి వచ్చు. ఈసారి పిన్ను పనిచేసింది. ఆ మాటలు వింటూనే, అవతలి ఫోన్ ఎక్కడుందో మాలిక్ పట్టేశాడు. వాడరేవులో బీచ్ వైపు ఒక రిసార్ట్.

తొమ్మిదీ యాభై రెండు. అర్ఫా సైరన్‌ని వెనక్కి తెచ్చింది, టైమర్ తీసేసింది. నాలుగు పాయింట్ మూడు తయారైంది. చివర ఒక గడి మిగిలింది. ఈ ప్యాకేజీ ఎవరిది? అందులో బెన్నీ అని ముందే ఉంది.

"పేరు మార్చకపోతే కుదరదా అక్కా?"

"అన్న సంతకం తాళాన్ని వాళ్ళు ఇప్పటికే ఒకసారి వాడుకున్నారు. దాంతో ఇదే ఆఖరి సంతకం. ఇకనుంచి కొత్త పేరు, కొత్త తాళం అని చెప్పకపోతే, రేపు మళ్ళీ అన్న పేరు మీద ఇంకోటి వస్తుంది."

ఇంగ్లీషులో ఐదక్షరాలు. రెబ్కా ఒక్కొక్కటే చెరిపింది. ఆఖరి అక్షరం దగ్గర వేలు ఆగింది. అర్ఫా తొందరపెట్టలేదు. గడియారం తొందరపెడుతూనే ఉంది. ఆ అక్షరం కూడా పోయింది. తన పేరు కొట్టింది. తర్వాత పాస్‌వర్డ్. అదేమిటో ఇక్కడ రాయను. వాళ్ళమ్మ వండే కూర పేరని మాత్రం చెప్తాను.

తొమ్మిదీ యాభై ఎనిమిదికి పంపింది. యాభై తొమ్మిదికి అర్ఫా ఆఖరిసారి రెపోక్వెరీ నడిపింది. ఎలీసా, నాలుగు పాయింట్ మూడు. బాధ్యులు: రెబెకా.

పదీ పదికి జోసఫ్ ఫోన్ చేశాడు.

"సైరన్ మోగిందమ్మా. అందరం బయటికి ఉరికాం. చూస్తే గ్యాస్ లేదు, ఏం లేదు. కొత్తది ఎక్కితే ఒకసారి అట్టా మోగుద్దని చెప్పేవాడు మావాడు." ఆగాడు. "కొత్తది వచ్చిందంటే... వాడి పేరే ఉందా దానిమీద?"

అర్ఫా రెబ్కా వైపు చూసింది. రెబ్కా తల దించుకుంది.

"లేదు బాబాయ్. రెబ్కా పేరుంది."

అటువైపు ట్రాలీ మళ్ళీ కదిలిన చప్పుడు.

"సరేలే తల్లీ," అన్నాడు జోసఫ్. "సాయంత్రం పాస్టరుగారికి చెప్తా, కూడిక పెట్టమని."

మాలిక్ మనుషులు వాడరేవులో ముగ్గురిని పట్టుకున్నారు. రెబ్కాని తీసుకెళ్ళడానికి మాలిక్ తనే వచ్చాడు. జీపు ఎక్కేముందు ఆమె వెనక్కి వెళ్ళి, కుర్చీలో ఆవిడ రెండో కనుబొమ్మ పూర్తి చేసింది. మాలిక్ జీపు తలుపు పట్టుకుని ఆగాడు. రిపోర్టులో ద్రోహి అని రాయాల్సిన చోట అర్ఫా మధ్యాహ్నం దాకా పెన్ను పెట్టలేదు. బ్యాగ్‌లో అరటిపండు నల్లబడిపోయింది.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి పేర్లు ఉండే ఉంటాయి. గ్యాస్ కనెక్షన్ మీదో, కరెంటు బిల్లు మీదో, ఫోన్ కాంటాక్టుల్లోనో, మనిషి వెళ్ళిపోయినా ఎవరూ మార్చని పేర్లు. ఎవరిదో, ఎందుకు మార్చలేదో నాకు రాయండి. మార్చేసినవాళ్ళు, ఎన్నిసార్లు బ్యాక్‌స్పేస్ నొక్కాల్సి వచ్చిందో రాసినా చాలు.