గుప్పెడు తడి

"ఈ పెట్టెలో నీళ్లు పోసింది ఎవరు?"

రిసెర్చ్ స్కాలర్ మోహన అరుపుకు, తిరుపతి జూలోని తాబేళ్ల కేంద్రంలో కొత్త అటెండర్ మునిప్రసాద్ చేతిలోని మగ్గు జారి కింద పడింది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"నేనే మేడమ్. ఎండలు గదా, గుడ్లకు దప్పికైతాదేమో అని..."

"దప్పికా? అవి గుడ్లు మునిప్రసాద్ గారూ, బస్సు దిగిన యాత్రికులు కాదు!"

సత్యవేడు దగ్గర మోహన వాళ్ల నాయన చేను దున్నుతుంటే బయటపడిన ఆరు నక్షత్ర తాబేలు గుడ్లవి. ఆమె రిసెర్చ్ అంతా వాటి మీదే. తేమ పట్టి ఉంచే వర్మిక్యులైట్ అనే ఖనిజం పొడిని తడిపి, పెట్టెలో పోసి, గుడ్లను అందులో సగం దాకా పూడ్చి ఇంక్యుబేటర్‌లో పెట్టింది. ఆ పొడిలో తడి తగ్గితే గుడ్డు ఎండిపోతుంది. ఎక్కువైతే లోపలి పిల్లకు ఊపిరాడదు, పైన బూజు పడుతుంది.

"ఒక్క గుడ్డు పాడైనా మిమ్మల్ని మళ్లీ జింకల దగ్గరికే పంపిస్తా!"

కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది. భయపడాల్సిన మునిప్రసాద్ ఆ ముక్కునే చూస్తూ నిలబడ్డాడు. ఈ గదిలో డ్యూటీ అతను బతిమాలి వేయించుకున్నదే ఆమె కోసం.

ఇంటికి వెళ్లేసరికి అతని తల్లి సుబ్బులమ్మ ఆవిరి మీద ఉడికించే పుట్టు కోసం బియ్యప్పిండి మీద నీళ్లు చిలకరిస్తోంది.

"ఏం నాయనా, మొగం అట్ల యాలాడేసినావు?"

"తడి ఎంతుండాల్నో తెలీక చెడిపోయినా మా."

"అదేం బ్రహ్మవిద్యా? గుప్పెట్లో పడితే ముద్ద కావాల. వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలాల. చేతికి నీళ్లంటినాయా, అది పుట్టు కాదు, గంజే!"

సుబ్బులమ్మ తన చేతి మీద ఒక్కటిచ్చేదాకా అతను ఆ పిండిని పిసుకుతూనే ఉన్నాడు.

మర్నాడు తడిని తనే సరిచేస్తానని మునిప్రసాద్ పట్టుబడితే, మోహన గుడ్లను పక్కకు తీసి పెట్టింది. అతను తడి లేని వర్మిక్యులైట్ కొంచెం కొంచెం కలుపుతూ, పిసుకుతూ, పొడుస్తూ, చివరికి "ఇదే మేడమ్" అన్నాడు.

ఆమె నమ్మకుండా తేమ మీటరు గుచ్చింది. ముల్లు సరిగ్గా కావలసిన గీత మీద ఆగింది.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా అమ్మ పుట్టు పిండి కాడ."

మోహన పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఇద్దరూ కలిసే గుప్పెట పట్టి చూసేవారు. మీటరు అల్మారాలోనే ఉండిపోయింది.

మూడు నెలలు దాటాక, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఆరో పిల్ల కూడా గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చింది. మోహన చప్పట్లు కొట్టింది. మునిప్రసాద్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెట్టె ఖాళీ అయింది, ఇక ఈ గదిలో తనకేం పని?

"ఏడుస్తున్నారా?"

"సంతోషమే మేడమ్. కానీ రేపట్నించి మిమ్మల్ని సూసేదానికి నాకు సాకు లేదు గదా. మీరంటే నాకు ఇష్టం. శానా ఇష్టం."

చెప్పేసి కిటికీ వైపు తిరిగిపోయాడు.

"ఆదివారం సత్యవేడుకు రా," అంది మోహన. మొదటిసారి ఏకవచనం. "మా నాయనకు నీ గురించి చెప్పి పది రోజులయింది. ఆదివారం లోపల నన్ను మేడమ్ అనడం మానుకో."

"సరే మేడమ్!" అన్నాడు మునిప్రసాద్.