మంగి అల్లిన ఉన్నికుందేలు

కుసుమగిరి మహారాజు మణికేతుడికి లేకలేక ఒక ఆడపిల్ల పుట్టింది. అయితే ఏడు నెలలుగా ఆ పాపను ఎత్తుకున్నవారు లేరు. ఎవరి చెయ్యి తగిలినా పాప ఒళ్లు మంచుగడ్డలా చల్లబడి ఊపిరి ఆగిపోయేది. చెయ్యి తీస్తేనే మళ్లీ ఊపిరి వచ్చేది. పొడవైన కాడ ఉన్న గరిటెతో పాలు పట్టేవారు. దూరాన నిలబడి తాడుతో ఉయ్యాల ఊపేవారు. మొదట్లో పాప చేతులు చాపి ఏడ్చేది. రానురాను చేతులు చాపడమే మానేసింది. అది చూసి రాణి హైమవతి అన్నం ముట్టడం మానేసింది.

ఇదంతా నల్లకొండ మీద ఉండే కరాళి అనే రాక్షసి శాపం. బారసాలనాడు ఆమె కొండ దిగి వచ్చి, బిడ్డను ఒక్కసారి ఎత్తుకోనివ్వమని అడిగింది. భటులు ఈటెలతో తరిమారు. "నేను ఎత్తుకోని బిడ్డను ఇంకెవరూ ఎత్తుకోలేరు" అని శపించి వెళ్లిపోయింది.

చివరకు ఒక ముని విరుగుడు చెప్పాడు. "మందలేని పొట్టేలు ఇష్టపడి ఇచ్చిన ఉన్నితో మెత్తని బొమ్మ అల్లాలి. నల్లకొండ మీది బూరుగుదూది అందులో కూరాలి. చివరి ముడి కరాళి చేతనే వేయించాలి. ఆ బొమ్మ పాప పక్కన చేరితే శాపం తీరుతుంది. వెళ్లేవారు ఒంటరిగానే వెళ్లాలి."

రాజు చాటింపు వేయించాడు. పేరున్న నేతగాళ్లందరూ తలలు దించుకున్నారు. ముందుకు వచ్చింది మంగి ఒక్కతే. పదమూడేళ్ల గొర్రెలకాపరి పిల్ల. మొన వంగిన వెదురుపుల్లతో ఉచ్చులోంచి ఉచ్చు లాగి ఉన్నిబొమ్మలు అల్లడం వాళ్లమ్మ నేర్పింది. ఆ అమ్మ పోయి రెండేళ్లయింది.

"మీవాళ్లు ఒప్పుకున్నారా?" అని అడిగాడు రాజు.

"అడగడానికి ఎవరూ లేరు దొరా" అంది మంగి.

అమ్మ అల్లిన ఎర్ర దుప్పటి కప్పుకుని, కదురూ వెదురుపుల్లా నడుముకు దోపుకుని ఆమె బయలుదేరింది. మూడు రోజులు నడిచినా మనిషి కనిపించలేదు. నాలుగోనాడు, పొగమంచు కమ్మిన లోయలో, చుట్టలు తిరిగిన కొమ్ములతో ఒక తెల్లపొట్టేలు దారికి అడ్డంగా నిలబడింది.

"కత్తెర తెచ్చావా, తాడు తెచ్చావా?" అని అడిగింది పొట్టేలు.

"ఏమీ తేలేదు. నీ ఒంటినిండా పల్లేరుకాయలున్నాయి. నొప్పిగా లేదూ?"

పొట్టేలు తల దించింది. "తీసేవాళ్లెవరున్నారు?" అంది మెల్లగా.

మంగి పొద్దువాలేదాకా కూర్చుని ఒక్కొక్క ముల్లూ ఏరి తీసింది. అప్పుడు పొట్టేలు ఒళ్లు విదిల్చింది. వెన్నముద్దల్లాంటి ఉన్ని ఆమె ఒడినిండా రాలింది. మర్నాడు మంగి దాన్ని కదురు మీద దారంగా వడికింది.

లోయ దాటాక పిలుపుల అడవి వచ్చింది. పోయినవాళ్ల గొంతుతో పిలవడం ఆ అడవి మాయ అని కాపరులందరికీ తెలుసు. వెనక్కి తిరిగినవాళ్లు అక్కడే చెట్లైపోతారు. మంగి పది అడుగులు వేసిందో లేదో, వెనకనుంచి గొంతు వినిపించింది.

"మంగీ, ఎంత చిక్కిపోయావే తల్లీ. ఇటు తిరుగు, నీ మొహం చూడనీ."

అది అచ్చంగా అమ్మ గొంతు. రెండేళ్లుగా ఆమెను పేరు పెట్టి పిలిచినవారు లేరు. మంగి మెడ దానంతటదే తిరగబోయింది. ఆమె గబుక్కున వెదురుపుల్ల తీసి అల్లడం మొదలుపెట్టింది. మొదటి వరుసకు ఆరు ఉచ్చులు, రెండో వరుసకు పన్నెండు, మూడో వరుసకు పద్దెనిమిది. పైకి లెక్కపెట్టుకుంటూ, ఏడుస్తూ, నడుస్తూ అల్లింది. లెక్క తప్పినచోట విప్పి మళ్లీ అల్లింది. అడవి దాటేసరికి ఆమె చేతిలో కుందేలు తల, పొట్ట, రెండు పొడవాటి చెవులు తయారయ్యాయి. అడవి అంచున, నల్లకొండ వాలులో, బూరుగుచెట్ల కింద రాలిన దూది ఏరి, వీపు దగ్గర వదిలిన సందులోంచి కూరింది.

కరాళి గుహముందు ఎండలో కూర్చుని ఉంది. తాటిచెట్టంత మనిషి. మంగి కుందేలును ముందుకు చాపింది.

"అవ్వా, దీనికి చివరి ముడి నువ్వెయ్యాల."

కరాళి కుందేలును అరచేతిలో పెట్టుకుంది. బొటనవేలితో దాని చెవులు నిమిరింది. చాలాసేపు అలాగే చూసింది. "దీన్ని నేనివ్వను. నా దగ్గర ఉండనీ" అంది.

"అది చంటిబిడ్డది అవ్వా. నీకు వేరేది అల్లి పెడతా. ఏ బొమ్మ కావాల?"

ఆ మాట కరాళిని అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె మాటలు తడుముకుంటూ, "నన్ను చూసి పారిపోనిది ఏదైనా చాలు" అంది.

మంగి దగ్గర ఉన్ని మిగల్లేదు. ఆమె కప్పుకున్న దుప్పటి కొసను మొహానికి ఆనించుకుంది. అందులో ఇంకా అమ్మ వాసన ఉంది. తరవాత కొస లాగింది. అమ్మ వేసిన వరుసలు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. ఆ దారంతో రెండు రోజులు కూర్చుని ఒక లేడిపిల్లను అల్లి, బూరుగుదూది కూరి, కరాళి ఒడిలో పెట్టింది.

కరాళి దాన్ని గుండెకు హత్తుకుని కళ్లు మూసుకుంది. తరవాత మొద్దువేళ్లతో అవస్థపడి కుందేలు వీపున ముడి వేసింది. "వెళ్లు. అడవి నిన్ను పిలవదులే" అంది.

మంగి కోటకు చేరి కుందేలును ఉయ్యాలలో పెట్టింది. పాప కదలకుండా దానివంక చూసింది. నెలల తరవాత మొదటిసారి చెయ్యి చాచి దాని చెవి పట్టుకుంది. రాణి వేలితో పాప అరికాలు తాకింది. అరికాలు వెచ్చగా ఉంది.

అయినా రాణి పాపను ఎత్తుకోలేదు. "ఎలా ఎత్తుకోవాలో మరిచిపోయాను" అని ఏడ్చింది.

"తలకింద ఒక చెయ్యి పెట్టండమ్మా. ఇంకో చెయ్యి నడుముకింద. భయపడకండి, నేను పట్టుకుంటా" అంది మంగి. రాణి అలాగే ఎత్తుకుంది.

ఆ నెలలోనే రాజు ఈటెలు లేకుండా నల్లకొండ ఎక్కి, పాపను కరాళి చేతుల్లో పెట్టి, తప్పు ఒప్పుకున్నాడు. మంగిని రాజదంపతులు పెద్దకూతురిగా ఉంచుకున్నారు. మందిరం నిండా మనుషులుంటే ఆమెకు చాలాకాలం నిద్రపట్టేది కాదు. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడేది.

పాపకు మాటలు వచ్చే వేళకు, అందరూ "అమ్మ" అంటుందని ఎదురుచూశారు. పాప మంగివైపు తిరిగి "అక్కా" అంది. ఆ పిలుపు తననేనని మంగికి నమ్మకం కుదరక, పాప ముందు కూర్చుని ఇంకొకసారి పిలిపించుకుంది.